అడిగితే ఇవ్వలేదు... ఆకాశం నుంచే రాబట్టారు!

2005 డిసెంబరు 28. కజకిస్థాన్‌లోని బైకనూర్ కేంద్రం నుంచి సోయుజ్ రాకెట్ పైకి లేచింది. అందులో ఉన్నది దాదాపు 600 కిలోల ఉపగ్రహం, పేరు జోవే-ఎ. అమెరికా వారి జీపీఎస్‌కు దీటుగా యూరప్ తలపెట్టిన గెలీలియో వ్యవస్థకు నింగికెక్కిన తొలి నమూనా అదే. తయారు చేసింది ఇంగ్లండ్‌లోని సర్రే శాటిలైట్ టెక్నాలజీ సంస్థ.

పక్షం రోజులు తిరిగాయి. 2006 జనవరి 12న ఆ ఉపగ్రహం తొలి సంకేతం పంపింది. యూరప్ ఊపిరి పీల్చుకుంది. గెలీలియోకు కేటాయించిన ఫ్రీక్వెన్సీలను ఆ ఏడాది జూన్‌లోగా వాడి చూపించకపోతే వాటి మీద హక్కు చేజారిపోయేది. ఆ గండం గట్టెక్కింది.

భూమికి 23 వేల కిలోమీటర్లకు పైన తిరుగుతున్న జోవే-ఎ సంకేతం ఏ క్షణంలో చూసినా భూగోళం మీద మూడో వంతుకు పైగా మేర పడుతూనే ఉండేది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా ఊరి మీదా పడేది. ఆ ఊళ్లోనే కార్నెల్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి జీపీఎస్ ప్రయోగశాలలో ప్రొఫెసర్ మార్క్ సియాకీ, ప్రొఫెసర్ పాల్ కింట్నర్, వాళ్ల విద్యార్థులు ఆ సంకేతం కోసమే కాచుకుని కూర్చున్నారు. యాంటెన్నా ఉంది, కంప్యూటర్లు ఉన్నాయి, అనుభవం ఉంది. లేనిదల్లా ఒక్కటే, కోడ్.

రొద అడుగున సంకేతం

ఆ కోడ్ ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే మన జేబులో ఫోన్ ఏం చేస్తుందో చూడాలి. జీపీఎస్ ఉపగ్రహం నుంచి నేలకు చేరే సంకేతం ఎంత నీరసంగా ఉంటుందంటే, ఒక వాట్ శక్తిని 70 కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత. యాంటెన్నాలోనూ రిసీవర్‌లోనూ సహజంగా ఉండే ఎలక్ట్రానిక్ రొదలో ఇది దాదాపు వందో వంతు. సంకేతాన్ని తెర మీద గీసి చూస్తే ఏమీ కనిపించదు. గీత అంతా పిచ్చిగా వణుకుతూ ఉంటుంది, అంతే. పైగా ఉపగ్రహాలన్నీ ఒకే ఫ్రీక్వెన్సీలో, 1575.42 మెగాహెర్ట్జ్‌లో, ఒకేసారి ప్రసారం చేస్తుంటాయి.

అందులోంచి ఒక్కో ఉపగ్రహాన్నీ విడదీసేది దానికి కేటాయించిన పీఆర్‌ఎన్ కోడ్. చూడటానికి అడ్డదిడ్డంగా ఉన్న ప్లస్‌లూ మైనస్‌లూ కలిసిన వరస అది. ఒక్కో గుర్తునూ చిప్ అంటారు. జీపీఎస్ పౌర సంకేతంలో ఈ వరస 1023 చిప్‌లు. సరిగ్గా మిల్లీసెకనులో పూర్తయి మళ్లీ మొదటికి వస్తుంది.

రిసీవర్ దగ్గర అదే వరస నకలు ఉంటుంది. వచ్చిన సంకేతాన్ని ఆ నకలుతో చిప్‌కు చిప్ గుణించి, అంతా కూడుతుంది. రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే ప్లస్‌లూ మైనస్‌లూ కొట్టుకుపోయి మొత్తం సున్నా దరిదాపుల్లో ఉంటుంది. కూర్చున్నాయా, మొత్తం ఒక్కసారిగా పైకి లేస్తుంది. రొద ఎంత ఉన్నా ఆ శిఖరం దాన్ని చీల్చుకుని వస్తుంది. దీన్నే ఇంజినీర్లు అక్విజిషన్ అంటారు, అంటే ఉపగ్రహాన్ని పట్టుకోవడం.

చెప్పినంత తేలిక కాదిది. వరస ఎక్కడ మొదలైందో రిసీవర్‌కు తెలియదు. ఉపగ్రహం సెకనుకు దాదాపు నాలుగు కిలోమీటర్ల వేగంతో కదులుతుంటుంది కాబట్టి డాప్లర్ ప్రభావం వల్ల ఫ్రీక్వెన్సీ కూడా ఐదు కిలోహెర్ట్జ్ వరకు అటో ఇటో జరిగి వస్తుంది. ఎంత జరిగిందో అదీ తెలియదు. అరచిప్ చొప్పున జరుపుకుంటూ వెతికితే 2046 స్థానాలు, 500 హెర్ట్జ్ చొప్పున వెతికితే 21 ఫ్రీక్వెన్సీలు. రెండూ గుణిస్తే దాదాపు 43 వేల గళ్లు. ఒక్క ఉపగ్రహం కోసం అన్ని గళ్లూ తడమాలి.

ఒకప్పుడు ఈ పనికి ప్రత్యేకంగా తయారైన చిప్‌సెట్లే దిక్కు. 1991లో నెదర్లాండ్స్ ఇంజినీర్లు వాన్ నీ, కూనెన్ ఒక కిటుకు చూపించారు. ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతి వాడితే ఒక ఫ్రీక్వెన్సీ వరసలోని స్థానాలన్నిటినీ ఒక్క దెబ్బకు లెక్కగట్టేయొచ్చని. దాంతో సాధారణ కంప్యూటర్‌కే ఆ పని అప్పజెప్పే దారి పడింది. యాంటెన్నా నుంచి వచ్చిన సంకేతాన్ని అంకెలుగా మార్చే చిన్న పరికరం చాలు, మిగతాదంతా ప్రోగ్రామే చూసుకుంటుంది. అదే సాఫ్ట్‌వేర్ రిసీవర్.

కార్నెల్ వాళ్లు ఇందులో చేయి తిరిగినవాళ్లు. అప్పటికి మూడేళ్ల ముందే, 2003లో, ఒక మామూలు పీసీ మీద ఒకేసారి 12 చానెళ్లతో నడిచే జీపీఎస్ సాఫ్ట్‌వేర్ రిసీవర్‌ను బ్రెంట్ లెడ్వినా, సియాకీ, స్టీవెన్ పావెల్, కింట్నర్ చేసి చూపించారు. చిప్‌ల గుణకారాన్ని ఒక్కొక్కటిగా చేస్తే అప్పటి ప్రాసెసర్లు మోయలేవు. అందుకని 32 నమూనాల గుర్తులను ఒకే 32 బిట్ల పదంలోకి కుక్కి, ఒక్క తార్కిక ఆపరేషన్‌తో అన్నిటినీ కలిపి గుణించారు. అలాంటి ప్రయోగశాలకు కొత్త ఉపగ్రహం అంటే కొత్త కోడ్ ఫైలు. అది చేతికొస్తే మిగతాది నిమిషాల పని.

మర్యాదగా... కుదరదన్నారు

జనవరిలోనే సియాకీ సర్రే సంస్థలో ఉన్న మార్టిన్ అన్విన్‌ను సంప్రదించారు. ఆ కోడ్‌లు ఉన్నవి ప్రపంచం మొత్తమ్మీద మూడు బృందాల దగ్గరేనని, వాటిలో సర్రే ఒకటని అప్పట్లో కార్నెల్ చెప్పింది. అన్విన్ జవాబు ఎంతో మర్యాదగా వచ్చింది. సారాంశం మాత్రం ఒక్కటే: క్షమించండి, కుదరదు.

సియాకీకి ఆశ్చర్యం వేసింది. 2004 జూన్‌లో అమెరికా, యూరప్ ఒక ఒప్పందం కుదుర్చుకున్నాయి. రెండు వ్యవస్థలూ ఒకే ఫ్రీక్వెన్సీ పట్టీని పంచుకోవాలి, పౌరులు వాడుకునే సంకేతాల వివరాలు అందరికీ తెరిచి ఉంచాలి. ఉపగ్రహం మోగుతోంది, కోడ్ మాత్రం బయటికి రాలేదు.

దీని వెనకున్నది డబ్బు లెక్క. జీపీఎస్ అమెరికా పన్ను చెల్లింపుదారుల సొమ్ముతో నడుస్తుంది, కాబట్టి సంకేతం ఉచితం. గెలీలియోను అప్పట్లో ప్రైవేటు పెట్టుబడులతో కలిపి నడపాలనుకున్నారు. పెట్టినవాళ్లకు సొమ్ము తిరిగి రావాలి. రిసీవర్ తయారు చేసే ప్రతి కంపెనీకీ కోడ్ కావాలి కదా, అక్కడ తలుపు వేస్తే రుసుము వసూలు చేయొచ్చన్నది ఆలోచన అని కార్నెల్ బృందం అనుకుంది.

సియాకీ ఈసారి జర్మనీలోని మిత్రుడు ఒలివర్ మాంటెన్‌బ్రుక్‌కు కబురు పెట్టారు. జర్మన్ అంతరిక్ష సంస్థలో ఉపగ్రహ కక్ష్యల లెక్కల్లో ఆయన దిట్ట. ఆయన దగ్గర ఉంటాయేమో అనుకుంటే, ఆయనా వాటి కోసమే ఎదురుచూస్తున్నారట! సొంత యూరప్ శాస్త్రవేత్తకే దిక్కు లేదు.

అప్పుడు తట్టింది సియాకీకి. ఎవరినో అడగడం దేనికి? సంకేతం రోజూ నెత్తి మీద పడుతోంది. కోడ్ అందులోనే ఉంది. అక్కడి నుంచే లాగేస్తే?

పదే పదే చెప్పే రహస్యం

కోడ్ తెలియకుండా ఉపగ్రహాన్ని పట్టుకోవడమంటే ఇందాక చెప్పిన పద్ధతి మొత్తం తలకిందులవుతుంది. పోల్చుకోవడానికి నకలే లేదు. జోవే-ఎ పంపుతున్నట్టు తర్వాత తేలిన 4092 చిప్‌ల, నాలుగు మిల్లీసెకన్ల వరసను ఊహించి ప్రయత్నిద్దామంటే, రెండును 4092 సార్లు గుణిస్తే వచ్చినన్ని అవకాశాలు. ఎన్ని కంప్యూటర్లు పెట్టినా అయ్యే పని కాదు.

అయితే ఈ సంకేతంలో దాచలేని గుణం ఒకటుంది. అది తిరిగి తిరిగి వస్తుంది. రిసీవర్ త్వరగా పట్టుకోవాలంటే కోడ్ చిన్నదిగా ఉండాలి, ఎడతెగకుండా పునరావృతం కావాలి. అందరికీ దారి చూపడానికి పుట్టిన సంకేతం తన గుట్టును సెకనుకు వందల సార్లు తానే చెప్పుకుంటోందన్నమాట.

ఇక్కడ గణితం చేయూతనిస్తుంది. ఒకే వరసను వంద సార్లు రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి కూడితే సంకేతం వంద రెట్లవుతుంది. రొద మాత్రం ఏ రెండు సార్లూ ఒకేలా ఉండదు కాబట్టి పది రెట్లే పెరుగుతుంది. పదివేల సార్లు కూడితే సంకేతం పదివేల రెట్లు, రొద వంద రెట్లు. శక్తిలో రొదకు వందో వంతుగా మొదలైన సంకేతం అక్కడికి వచ్చేసరికి రొదను పది రెట్లు దాటి నిలబడుతుంది. నాలుగు మిల్లీసెకన్ల వరస పదివేల సార్లు రావడానికి పట్టేది 40 సెకన్లే. అప్పుడు ఒక్కో చిప్ ప్లస్సో మైనస్సో కంటికే కనిపిస్తుంది.

కాగితం మీద అంతే. దిగాక తెలుస్తుంది లోతు. మొదటి చిక్కు డాప్లర్. ఫ్రీక్వెన్సీ కొద్దిగా తేడా పడినా కూడిక మధ్యలో ప్లస్‌లు మైనస్‌లుగా మారిపోతాయి. ఉపగ్రహం కక్ష్య వివరాలు అందరికీ దొరికేవే కాబట్టి దాని వేగాన్ని బట్టి ఫ్రీక్వెన్సీ ఎంత జరుగుతుందో ఉజ్జాయింపుగా లెక్కగట్టొచ్చు. మిగిలిన సవరణ సంకేతం నుంచే తీసుకోవాలి. రెండో చిక్కు ఇంకా మొండిది. కోడ్ మీద సమాచారం కూడా స్వారీ చేస్తుంటుంది. సెకనుకు 250 గుర్తులు, అంటే ప్రతి నాలుగు మిల్లీసెకన్లకూ మొత్తం వరస తిరగబడినా తిరగబడొచ్చు. ఎప్పుడు తిరగబడిందో తెలియకుండా కూడితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. కాబట్టి ఒక ముక్కను పక్క ముక్కతో పోల్చి, రెండూ ఒకే దిక్కా ఎదురు దిక్కా అని తేల్చుకుని, గుర్తు సరిచేసి, ఆ తర్వాతే కూడాలి.

సియాకీతో పాటు కింట్నర్, పావెల్, లెడ్వినా, విద్యార్థులు షాన్ మొహియుద్దీన్, టాడ్ హంఫ్రీస్, అలెస్సాండ్రో సెరూటీ పని పంచుకున్నారు. వారం తిరిగేసరికి ప్రాథమిక పద్ధతి సిద్ధమైంది. మరో రెండు వారాలకు జోవే-ఎ సంకేతం జాడ చిక్కింది.

చిక్కినందుకు సంబరపడేలోపే తల పట్టుకోవాల్సి వచ్చింది. సంకేతం పునరావృతమయ్యే తీరు వాళ్లు అనుకున్నదానికి రెండింతలు తేడాగా ఉంది. లెక్క తప్పా? పరికరం తప్పా? పట్టుకున్నది అసలు జోవే-ఎ సంకేతమేనా? కొన్నాళ్లు దారి తప్పారు. చివరికి తేలిన చిత్రం ఇది. ఒకే పట్టీలో రెండు పౌర సంకేతాలు కలిసి వస్తున్నాయి. ఒకదాని కోడ్ 4092 చిప్‌లు, నాలుగు మిల్లీసెకన్లు. రెండోది 8184 చిప్‌లు, ఎనిమిది మిల్లీసెకన్లు. ఆ రెండోదాని మీద 25 గుర్తుల మరో వరస కూడా స్వారీ చేస్తోంది.

మార్చి మధ్యకు కోడ్‌ల తొలి అంచనాలు చేతికొచ్చాయి. అంచనాలంటే అంచనాలే. రొద పూర్తిగా పోలేదు కాబట్టి అక్కడక్కడా చిప్‌లు తప్పుగా పడి ఉండొచ్చు. ఒక్కో చిప్‌నూ సరిచూసే మార్గం ఏమిటి?

ఈ వరసలు చూపుకు అడ్డదిడ్డంగా ఉన్నా, ఎవరో కూర్చుని ఇష్టం వచ్చినట్టు రాసినవి కావు. షిఫ్ట్ రిజిస్టర్ అనే చిన్న సర్క్యూట్ వాటిని పుట్టిస్తుంది. జోవే-ఎ కోడ్‌లు 13 దశల షిఫ్ట్ రిజిస్టర్లు రెండింటిని కలిపి పుట్టించిన గోల్డ్ కోడ్‌లు. అలాంటి వరసలో తప్పుల్లేని 52 చిప్‌లు వరసగా దొరికితే చాలు, దాన్ని పుట్టించిన సూత్రం మొత్తం గణితంలో బయటపడుతుంది. సూత్రం దొరికాక మిగతా వేల చిప్‌లను అదే పుట్టిస్తుంది. అంచనాతో పోల్చుకుంటే ఏది తప్పో ఏది ఒప్పో ఇట్టే తెలిసిపోతుంది. బృందం పట్టుదలగా చేసిన ఈ ఆరాకు జర్మనీ నుంచి మాంటెన్‌బ్రుక్ అందించిన ఒక కీలకమైన ఆచూకీ తోడైంది.

ఏప్రిల్ ఒకటి

2006 ఏప్రిల్ 1న కార్నెల్ బృందం జోవే-ఎ కోడ్‌లను అందరూ చూడ్డానికి వీలుగా ఉచితంగా పెట్టేసింది. తేదీ చూసి ఎవరైనా ఏప్రిల్ ఫూల్ అనుకున్నా తప్పు పట్టలేం. రుజువు రెండు రోజుల్లోనే వచ్చింది. కెనడాలో జీపీఎస్ రిసీవర్లు తయారు చేసే నొవాటెల్ సంస్థ ఆ కోడ్‌లను దించుకుంది. 20 నిమిషాలు గడిచాయో లేదో, వాళ్ల రిసీవర్ జోవే-ఎను పట్టుకుంది. కార్నెల్‌లో ఎవరూ తాకని పరికరం, ఎవరూ చూడని యాంటెన్నా. కోడ్‌లో ఒక్క సూత్రం తేడా పడినా శిఖరం లేచేది కాదు. ఇంతకన్నా గట్టి సర్టిఫికెట్ ఏముంటుంది?

తర్వాతి వారాల్లో గెలీలియో నిర్వాహకులు కూడా కోడ్‌లు ప్రకటించారు. తమాషా ఏమిటంటే అవి ఆ క్షణాన జోవే-ఎ వాడుతున్న కోడ్‌లు కావు. పైగా వాటిని మేధాసంపత్తిగా పేర్కొంటూ, వ్యాపారానికి వాడే రిసీవర్లకు లైసెన్సు తప్పనిసరి అన్నారు. అది చదివాక సియాకీ బృందానికి గుబులు పుట్టింది. మనం చేసింది కాపీరైటు నేరమవుతుందా? విశ్వవిద్యాలయం న్యాయ సలహాదారులను ఆశ్రయించారు. పాటకో సినిమాకో వేసిన తాళం విప్పితే చట్టం ఒప్పుకోదు, నావిగేషన్ సంకేతం అలాంటి సృజన కాదు, కాబట్టి భయం లేదన్నది వాళ్ల మాట.

సియాకీ దీనికి ఒక పోలిక చెప్పారు. ఎవరో సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ కట్టారనుకోండి. అటుగా వెళ్లే నావికుడు ఆ దీపం ఎన్ని క్షణాలకోసారి వెలుగుతుందో, ఏ చోట ఉందో రాసుకున్నాడు. దీపం చూసినందుకు రుసుము కట్టమని యజమాని అడగగలడా? నేల మీది దీపానికి చెల్లని మాట నింగిలో దీపానికి ఎలా చెల్లుతుంది?

అట్లాంటిక్‌కు అవతలి ఒడ్డున కూర్చుని కార్నెల్ ఒక్కటే ఈ పని చేయలేదు. స్టాన్‌ఫర్డ్‌లో గ్రేస్ గావ్, పెర్ ఎంగే బృందం 1.8 మీటర్ల డిష్ యాంటెన్నాతో జోవే-ఎ కోడ్‌లను, వాటిని పుట్టించే సూత్రాలను రాబట్టింది. 2007 ఏప్రిల్‌లో చైనా తన కంపాస్ ఎం-1 ఉపగ్రహాన్ని వివరాలు చెప్పకుండానే పంపితే, వాళ్లు దాని కోడ్‌లనూ అదే తోవలో విప్పేశారు.

తాళం ఎక్కడ వేయాలి?

అలాగని ఉపగ్రహ సంకేతాల్లో రహస్యమే నిలవదనుకుంటే పొరపాటు. జీపీఎస్ సైనిక కోడ్ వారం రోజుల పొడుగు ఉంటుంది, దాని మీద ఎన్‌క్రిప్షన్ కూడా ఉంటుంది. అది నిమిషంలో వేలసార్లు తిరిగి రాదు, కాబట్టి కూడి తేల్చే ఎత్తు దాని దగ్గర పారదు. దాచదలిస్తే దాచే ఇంజినీరింగ్ అది. అందరూ పట్టుకోవడానికి వీలుగా చిన్న కోడ్ పెట్టి, క్షణానికి వందల సార్లు ప్రసారం చేసి, ఆ తర్వాత కాగితం మీద దాచాలనుకోవడం దేనికీ కొరగాని తాళం. గెలీలియో కథ చివరికి అక్కడికే వచ్చింది. 2007లో ప్రైవేటు భాగస్వామ్యం ఆలోచన కూలిపోయింది, ఖర్చును యూరప్ ప్రజాధనమే మోసింది. 2016 డిసెంబరు 15న గెలీలియో సేవలు అధికారికంగా మొదలయ్యాయి. ఇప్పుడు మన ఫోన్లలో చాలావాటికి ఆ సంకేతం ఉచితంగానే అందుతోంది. జోవే-ఎ 2012లోనే గెలీలియో విధుల నుంచి విరమించింది.

ఈ గొడవ నుంచి పాఠం నేర్చుకోవాల్సిన అవసరం మన దేశానికి రాలేదు. 2013 జులై 1 రాత్రి శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ22 మోసుకెళ్లిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఎతో మన సొంత నావిగేషన్ వ్యవస్థ మొదలైంది. దాన్నే ఇవాళ నావిక్ అంటున్నాం. ఆ మరుసటి ఏడాదే ఇస్రో పౌర సేవ సంకేతాల పూర్తి వివరాలు ప్రచురించింది. 1176.45 మెగాహెర్ట్జ్ దగ్గర, 1023 చిప్‌లు, ఒక మిల్లీసెకను, గోల్డ్ కోడ్, ఏ రిజిస్టర్ ఎక్కడ మొదలవ్వాలో సహా. రక్షణ అవసరాల సేవను మాత్రం వేరే పెట్టి, ఎన్‌క్రిప్షన్ వేసింది. తాళం వేయాల్సిన చోటే వేసింది.

కాబట్టి మన ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక మాట. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే యూఎస్‌బీ రిసీవర్, జీపీఎస్ యాంటెన్నా, మామూలు ల్యాప్‌టాప్ ఉంటే జీపీఎస్ సంకేతాన్ని డాబా మీద నుంచి రికార్డు చేయొచ్చు. దాన్ని విప్పి చూపే జీఎన్‌ఎస్‌ఎస్-ఎస్‌డీఆర్ లాంటి ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని నడిపి ఊరుకోకండి. 1023 చిప్‌లను మీరే పుట్టించి, ఆ 43 వేల గళ్ల పట్టికను మీరే నింపి, శిఖరం ఏ గడిలో లేచిందో మీరే వెతకండి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ కోసం ప్రత్యేకంగా పరిశోధన విభాగమే ఉంది, సందేహాలొస్తే అడగొచ్చు. ల్యాప్‌టాప్ ఎలాగూ ఉంటే, ఫైనలియర్ ప్రాజెక్టును హైదరాబాద్ అమీర్‌పేటలో కొనుక్కోవడానికయ్యే ఖర్చు కన్నా ఈ రిసీవర్, యాంటెన్నాలకు తక్కువే కావచ్చు. నేర్చుకున్నది మాత్రం మీదే.